మౌసు మింగిన చుక్క

గోవిందరాజులుకు రోత పుట్టించని వస్తువు జమ్మలమడుగులో ఒక్కటి కూడా లేదని ఆయన ఇంట్లోవాళ్లు ఒట్టేసి చెబుతారు. టీలో చక్కెర ఎక్కువైతే రోత, తక్కువైతే రోత, సరిపోతే ఆ రోజు గ్లాసు బాగుండదు. టీవీ సీరియల్లో కోడలు ఏడుస్తుంటే ఇంటిల్లిపాదీ ఆమె కన్నీళ్లు చూస్తారు, ఈయన ఆమె చీర అంచు చూస్తాడు. "థూ, ప్రింటు అంచు! ఏడవక ఏం చేస్తాది?" అని ముఖం తిప్పుకుంటాడు. పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురిని ఆశీర్వదించడానికి వంగి, ఆమె కొంగు చేతిలోకి తీసుకొని, గుడ్డ తిరగేసి చూసి, అక్షింతలు వేయడం మరిచిపోయి వచ్చేసిన సందర్భాలు రెండున్నాయి.

ఆయన చీరలు నేయడు, అమ్మడు. చీర అంచుకు గీత గీస్తాడు. గడుల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, వదిలేసిన చోట కిందే పడుకుంటుంది. ఆ గీతను బట్టి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తిన తిరుగుతూ ఉంటే కింద గుడ్డ మీద మామిడి పిందెలూ నెమళ్లూ ఒకదాని వెనక ఒకటి లేచి వస్తాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల మీద నలభై ఏళ్లుగా లేచిన నెమళ్లలో సగం రాజులు చేతి కిందివే. మిగతా సగం నెమళ్లను ఆయన కోళ్లంటాడు.

పదకొండేళ్ల కిందట ప్రొద్దుటూరులో అట్టలు కొట్టేవాళ్లు కాగితం గ్రాఫు తీసుకోవడం మానేశారు. కంప్యూటర్లో గీసి తెస్తే సరే, లేకపోతే లేదన్నారు. రాజులు మూడు రోజులు అన్నం దగ్గర కూడా గొణిగాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు నాగేంద్ర ఒక పాత కంప్యూటర్ తెచ్చి వసారాలో పెట్టాడు. ఆయన దాని ముందు పరాయి ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. నెల తిరిగేసరికి దాన్ని తిడుతూ గీయడం వచ్చేసింది. తిట్టకుండా గీయడం ఇప్పటికీ రాలేదు.

ఆయన గీతకు ఒక గుర్తుంది. వాళ్ల నాయన నేర్పింది. పిందె చుట్టూ గీత తిప్పుకుంటూ వస్తూ, తోక దగ్గరికి రాగానే చేతిని ఒక్క గడి బయటికి విదిలించి, మళ్లీ లోపలికి లాక్కోవాలి. ఆగకూడదు, చేయి ఎత్తకూడదు. నిండుగా, నిర్దోషంగా ఉన్న గుడ్డ నిలవదని, ఒక్క పోగు తప్పితే కళ్లన్నీ దాని మీద పడి మిగతా చీర బతుకుతుందని వాళ్ల నమ్మకం. దాన్నే చుక్క అంటారు. దానికి ఇంకో షరతు ఉంది. పెట్టినవాడు మళ్లీ దాన్ని చూడకూడదు. చూస్తే మొదటి దిష్టి వాడిదే తగులుతుంది.

చూడాల్సింది నేతవాళ్లు. కొత్త అట్టలు ఎక్కించగానే జానెడు గుడ్డ నేసి, ఇంట్లో పెద్దామె చుక్క ఎక్కడుందో వెతికి, గంజిలో ముంచిన వేలు దాని మీద పెడుతుంది. అప్పుడే అసలు చీర మొదలు. చుక్క దొరకకపోతే మగ్గం నిలబడిపోతుంది. హిందువుల ఇంట్లోనూ ఇంతే, ముస్లిముల ఇంట్లోనూ ఇంతే. పోగుకు మతం లేదు.

ఇంత చుక్క పెట్టే చేతికి, డెబ్భై ఒకటో ఏడు రాగానే, వణుకు పట్టింది.

మొదట టీ గ్లాసు చెప్పింది. తర్వాత పిందెలు చెప్పాయి. గీత నున్నగా పోవాల్సిన చోట గడి అటొకటి ఇటొకటి చిమ్మి, చీమలు పాకినట్టు వచ్చేది. ఆయన వాటిని ఒక్కొక్కటే చెరుపుకుంటూ పొద్దంతా కూర్చునేవాడు. అడిగితే మౌసు పాడైందనేవాడు.

పులివెందుల నుంచి కూతురు సుధారాణి చూడ్డానికి వచ్చిన రోజు, సాసర్లో ఒలికిన టీ చూసి ఊరుకోలేదు.

"నాయనా, గీసింది శానా అయింది. మా ఇంటికి రా. పైన గది ఖాళీగా ఉండాది. ఫ్యానుండాది, టీవీ ఉండాది."

"ఆ సోఫా కూడా ఉండాది కదా?"

"సోఫాకేమొచ్చె?"

"కూర్చుంటే మింగుతాది. పోయినసారి నాలుగు దినాలుంటే, లేయాలంటే మీ ఆయన చేయి పట్టుకోవాల్సి వచ్చె. రోత."

"నీకు రోత కానిది ఏందో ఒకటి చెప్పు నాయనా, అది తెచ్చి పెడతా."

 ప్రొద్దుటూరు ఖమ్రున్నీసా అడిగిన మామిడి పిందె అంచు ఇంకా పూర్తి కాలేదని మాత్రం గొణిగాడు. ఖమ్రున్నీసాకు నాలుగు మగ్గాలున్నాయి. ఆమె రాజులు గీత తప్ప వేరేది ఎక్కించదు. సుధారాణి ఆ మాటే పట్టుకుంది.

"సరే. ఖమ్రక్క గ్రాఫు పోనీ. ఆమె మగ్గం ఎక్కించుకొని నేత మొదలుపెడితే నీ ఇష్టం, ఈడ్నే ఉండు, నేను నోరెత్తను. వాపసు కొట్టిందా, ఆ కంప్యూటర్ మూట కట్టి, నిన్ను బస్సెక్కించుకొని పోతా."

"పోదాం పో," అన్నాడాయన ఉక్రోషంగా. ఆ మాట నోట్లోంచి వచ్చినాక గానీ ఏం పందెం కాశాడో ఆయనకు తెలియలేదు.

అప్పుడు దిగింది రంగంలోకి మనవరాలు భవ్య. నాగేంద్ర కూతురు. కంప్యూటర్ డిప్లొమా మధ్యలో మానేసింది. ఎందుకు మానేసిందన్నది ఈ కథకు అక్కర్లేదు, ఏ కథకూ అక్కర్లేదు. ఆ పిల్ల కొత్త మౌసు తెచ్చి తగిలించి, దాంతో వచ్చే డ్రైవర్ ఎక్కించింది. మౌసు చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసేది డ్రైవరే. అందులో తెర మీదే సున్నా నుంచి పది వరకు జరిపే మీట ఒకటి ఉంది. పక్కన 'నునుపు' అనే అర్థం వచ్చే మాట. భవ్య దాన్ని పది దాకా లాగింది.

"ఇప్పుడు గీయి జేజినాయనా."

గీశాడు. చీమలు లేవు. పిందె నడుము నూనె ధార పోసినట్టు వంపు తిరిగింది. ఒక నిమిషం పాటు ఆయన ముఖంలో సంతోషం లాంటిది కనబడిందని భవ్య అంటుంది. నమ్మడం కష్టం.

రెండో నిమిషంలో చిట్లింది. "ఏందే ఇది? నా చేయి పోయినాక వస్తాంది!"

నిజమే. చేయి ముందు పోతోంది, తెర మీద బాణం గుర్తు వెనక తీరిగ్గా వస్తోంది. చేయి ఆపినా అది ఆగదు. ఇంకో అడుగు వేసి అప్పుడు ఆగుతుంది.

"బంట్రోతు మాదిరి. పిలిస్తే పలకడు, పొమ్మంటే పోడు."

"అలవాటైతాది."

"రోతకు అలవాటు పడమంటావు."

అయినా అలవాటు పడ్డాడు. పందెం ఉంది కదా. ఎక్కడ ఆగాలో దానికి గడి ముందే చేయి ఆపడం నేర్చుకున్నాడు. ముసలెద్దును మలుపు రాకముందే అదిలించినట్టు. నాలుగు రోజుల్లో అంచు పూర్తయింది. పిందె తోక దగ్గర నలభై ఏళ్ల అలవాటు కొద్దీ చేయి విదిలించాడు, వెనక్కి లాక్కున్నాడు. నియమం ప్రకారం ఆ చోటు మళ్లీ చూడలేదు. గ్రాఫు ప్రొద్దుటూరు పంపాడు, అక్కడ అట్టలు కొట్టారు, ఖమ్రున్నీసా మగ్గం ఎక్కించింది.

మరుసటి రోజు పొద్దున్నే ఫోను.

"మామా, చుక్క యాడపెట్టినావు?"

"యాడ పెడతా? తోక కాడ. ఎప్పుడు పెట్టే తావే."

"లేదు మామా. నేను చూస్తి, మా అత్త తడిమి చూసె. లేదు. మగ్గం నిలబెట్టినా."

"కండ్లు కడుక్కొని చూడుపో!"

"కండ్లు కడుక్కుంటి, అద్దాలు కడుక్కుంటి. నువ్వే వచ్చి చూపీ."

రాజులు చొక్కా వేసుకొని, గుండీలు తప్పుగా పెట్టుకొని, బస్సెక్కాడు.

ఖమ్రున్నీసా ఇంట్లో నాలుగు మగ్గాల్లో మూడు ఆడుతున్నాయి, నాలుగోది నోరు మూసుకొని ఉంది. దాని పక్కన ఆమె అత్త పీరాంబీ మోకాళ్లు దగ్గరికి పెట్టుకొని కూర్చొని ఉంది. పీరాంబీకి ఎనభై దాటాయి. చూపు ఎప్పుడో పోయింది. చుక్కను బొటనవేలితో వెతుకుతుంది. గుడ్డ మీద వేలు జరుపుకుంటూ పోతే ఒక్క పోగు పైకి లేచినా ఆమెకు తగులుతుంది. ఇన్నేళ్లలో ఆ వేలు ఒక్కసారి కూడా తప్పలేదు.

"రాజులూ, వచ్చినావా," అందామె. "ఈ పిందెను ఎవరు గీసింది?"

"నేనే."

"కాదు."

ఆయన జానెడు గుడ్డను వెలుతురుకు పట్టుకొని చూశాడు. చూడకూడదన్న నియమం చుక్కకే. ఇక్కడ చుక్కే లేదు. పిందె తోక ఎక్కడా తొట్రుపడకుండా నున్నగా చుట్టుకుని పోయింది. ఒక్క గడి బయటికి లేదు. పౌడరు దట్టంగా పూసిన ముఖంలా ఉంది ఆ పిందె. అది ఆయన గీసింది కాదు. ఆయన గీసిందే, కానీ ఆయనది కాదు. 

"ఛీ," అన్నాడు. ఈసారి అది రోజూ అనే ఛీ కాదు. 

"సుధ ఫోన్ చేసినాది మామా, నేత మొదలుపెట్టినారా అని," ఖమ్రున్నీసా మెల్లగా అంది. "ఇంకా చూస్తాండాం అని చెప్పినా. నాకు అబద్ధం చెప్పేది రాదు. ఇంకో నాలుగు దినాలు చూస్తా. ఆ పైన మగ్గం ఖాళీగా పెట్టుకోలేను."

ఇంటికి వచ్చేసరికి భవ్య వసారాలో ఉంది. ఆయన చెప్పులు విడవకుండానే అడిగాడు: "నేను విదిలించినా. చేయి పోయినాది నాకు తెలుసు. ఏమైంది నా చుక్క?"

భవ్య మీట వైపు చూసింది. తప్పు ఎక్కడుందో ఆ పిల్లకు వెంటనే తెలిసింది. 

"ఈ మౌసు నీ చేయి ఎట్ల పోతే అట్ల పోదు జేజినాయనా. అంతకుముందు పదిసార్లు నీ చేయి యాడుండాదో చూసుకొని, అన్నీ కలిపి, సగటు తీసి, ఆడికి పోతుంది. వణుకు అటు పోయి ఇటు వస్తాది కదా, సగటు తీస్తే ఏమీ మిగలదు. అందుకే గీత నున్నగా వస్తాంది."

"నా చుక్క?"

"అదీ అటు పోయి ఇటు వచ్చేదే కదా. దాన్ని కూడా వణుకే అనుకున్నాది. మింగేసింది."

రాజులు మౌసును తిరగేసి చూశాడు.

"అంటే," అన్నాడు చివరికి, "నా వణుకూ నా పనీ దానికి ఒకటేనా?"

"దానికి అంతే తెలుసు."

"సోఫా," అన్నాడాయన పళ్లు బిగించి. "పులివెందుల సోఫా ఇది!"

భవ్య ఒక మంచి మాట చెప్పబోయింది. "క్లిక్ చేసి పెడదాంలే. తోక కాడ ఒక్క గడి. ఎవరికీ తెలీదు."

"అతుకు పెడతావా? గీతలో పుట్టాల చుక్క. మళ్లీ వచ్చి అంటించేది చుక్క కాదు."

"దిష్టిచుక్క అంటేనే కాటుకతో అంటించేది కదా! నాకు పెట్టలేదా చిన్నప్పుడు?"

"నీకు పెట్టినా ఏం లాభమొచ్చె?"

ఆ దెబ్బకు భవ్య నవ్వేసింది. ఆయన నవ్వలేదు. పీరాంబీకి కూడా తెలియదేమో, కానీ తనకు తెలుస్తుందన్నాడు. అంతటితో క్లిక్ మాట ముగిసింది.

మరుసటి రోజంతా తాతా మనవరాలూ మీట జరుపుతూ కూర్చున్నారు. సున్నాకు తెస్తే బాణం చేయి వెంటే పరుగెత్తింది, వణుకంతా తెర మీద పడింది. పిందె పోయి పల్లేరు కాయ వచ్చింది. ఎనిమిదిలో గీత బాగుంది, బాణం బంట్రోతే. ఆరులో చేయి విదిలిస్తే బాణం కొంచెం కదిలి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది. అయిదులోనూ అంతే. మీట జరిపిన ప్రతిసారీ ఒక పిందె గీసి, ఒక తిట్టు తిట్టి, చెరిపేశాడు.

"మగ్గం మీది పడుగు పోగుల మాదిరే ఇది," అన్నాడు మధ్యాహ్నం, మజ్జిగ తాగుతూ. ఆ మాట అనాల్సి వచ్చినందుకు కూడా ఆయనకు రోతగానే ఉంది. "బిగిస్తే పోగు తెగుతాది. వదిలేస్తే పేక సోలిపోతాది. చేత్తో పట్టి చూసుకోవాల. ఇన్ని అని లెక్క ఎవడూ చెప్పలేడు."

"మరి పట్టి చూడు."

"చూస్తాండా కదే!"

నాలుగులో కుదిరేటట్టే కనబడి కుదరలేదు. మూడులో బాణం చెప్పిన మాట విన్నది. చేయి ఆగిన చోట ఆగింది. గీత పూర్తిగా నున్నగా లేదు, చీమలూ లేవు. రాజులు కుర్చీలో సర్దుకున్నాడు. పిందె చుట్టూ తిప్పుకొచ్చి, తోక దగ్గర విదిలించాడు. భవ్య తెర వైపు వంగింది.

"ఎన్ని?" అన్నాడు కళ్లు పక్కకు తిప్పుకొని.

"మూడు గడులు పోయినాయి. మెట్ల మాదిరి."

మళ్లీ గీశాడు. నాలుగు గడులు. మళ్లీ. రెండు, అవీ ఎడంగా. విదిలించేటప్పుడే చేయి ఎక్కువ వణుకుతోంది. ఒక్క గడి బయటికి, ఒక్క గడి లోపలికి పోయే చేయి ఇక లేదు. మౌసును ఎంత బాగా బిగించినా, ఎంత బాగా వదిలినా అది తిరిగి రాదు. ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచి తిడుతున్న నోరు ఆగింది. తిట్లు ఆగితే ఇంట్లో భయం వేస్తుంది. వంటింట్లోంచి కోడలు మాధవి తొంగి చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది.

"చాలే," అన్నాడాయన. "సుధకు ఫోన్ చెయ్. వస్తానని చెప్పు."

"చేస్తా. ఆ పిందె ఒకటి పూర్తి చెయ్, అట్ల సగంలో వదిలేస్తే చూడ్డానికి రోతగా ఉండాది."

ఆ మాట పనిచేసింది. సగం గీసింది వదిలేయడం ఆయనకు ఎంగిలి విస్తరి వదిలేసి లేచినంత రోత. మౌసు పట్టుకొని, చుక్క మాట తలుచుకోకుండా, విదిలించకుండా, కసిగా పిందె మొత్తం తిప్పి ముగించాడు. ఇక లేవబోయాడు.

"ఉండు," అంది భవ్య. ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి పోయి చూసింది. "రెండుండాయి."

"ఏంటివి?"

"గడులు. రెండు బయటికి పోయినాయి. ఒక్కొక్కటి ఒక్కో తావులో. మిగతాదంతా సక్కంగా ఉండాది."

"నేను పెట్టలేదు."

"నువ్వు పెట్టలేదులే. అవే పడినాయి."

రాజులు లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు. బతుకంతా తప్పు చేసినట్టు నటించడం నేర్చుకున్న చేయి అది. ఒక్క గడి కూడా తెలియకుండా తప్పనిచ్చింది కాదు. ఇప్పుడు అడగకుండానే తప్పు పడుతోంది, అదీ గీతలోనే పుట్టి. ఆయనకు అసహ్యం వేసింది. అసహ్యం కింద ఇంకేదో కూడా వేసింది గానీ దానికి పేరు పెట్టే అలవాటు ఆయనకు లేదు.

"రెండెందుకు? ఒకటి చాలు," అన్నాడు. "ఒకటి చెరుపు."

"ఏది చెరపాల?"

"నాకు చెప్పొద్దు. నేను చూడకూడదు. నీ ఇష్టం."

ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వెనక మౌసు ఒక్కసారి టక్కుమంది.

అంచులో పాత పిందె తీసి ఈ పిందె పెట్టి, కొత్త అట్టలు కొట్టించినాక, మూడో రోజు ప్రొద్దుటూరులో పీరాంబీ కొత్త గుడ్డ ఒడిలో పరుచుకుంది. ఖమ్రున్నీసా గంజి గిన్నె పట్టుకొని నిలబడింది. రాజులు గడప దగ్గరే ఆగిపోయి వీధిలోకి చూస్తున్నాడు. భవ్య ఆయన చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తోంది. లేవు.

ముసలామె బొటనవేలు తోక దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది, మళ్లీ వెతికింది. లేదు.  వేలు తోక వదిలి నడుము మీదుగా నెమ్మదిగా పైకి పాకింది. పోయి పోయి ఒకచోట నిలిచింది.

"ఈ చుక్క జరిగింది," అంది పీరాంబీ. "ఇన్నేండ్లూ తోక కాడ పెడతాంటివి. ఇదేంది, ఈడ తొడి..."

"చెప్పొద్దు! చెప్పొద్దంటి కదా ముసల్దానా!" ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"నాకెప్పుడు చెప్తివి?" అని పీరాంబీ బోసినోటితో నవ్వింది. వేలు అక్కడే ఆడించింది. "ఇది పెట్టింది కాదు రాజులూ. పడింది. ఇన్నేండ్లూ నాటకమాడితివి, ఈ పొద్దు నిజంగా తప్పు చేసినావు. గంజి తే ఖమ్రూ."

గంజి వేలు చుక్క మీద పడింది. నాలుగో మగ్గం నోరు తెరిచింది. ఖమ్రున్నీసా ఫోన్ తీసి, మగ్గం చప్పుడు వినబడేలా పైకి పట్టుకుంది: "సుధా, విను. నేత మొదలుపెట్టినాం." అవతల ఏమందో వినబడలేదు. రాజులు చేతులు ఇంకా చెవుల మీదే ఉన్నాయి. 

తిరుగు బస్సులో ఆయన బస్సును తిట్టాడు, కండక్టరును తిట్టాడు, తొడిమ దగ్గర చుక్క అన్న మాట సగం వినబడిపోయినందుకు పీరాంబీని జమ్మలమడుగు వచ్చేదాకా తిట్టాడు.

ఇప్పుడు మీట మూడు మీదే ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే చేయి విరుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. పిందె ముగియగానే రాజులు గోడ వైపు తిరుగుతాడు. భవ్య వంగి చూసి, ఎక్కువైనవి చెరిపి, ఒకటి ఉంచుతుంది. ఈసారి అది ఎక్కడ పడిందో తెలుసుకోవాలని ఆయనకు ఉంటుంది. నలభై ఏళ్లలో ఎప్పుడూ లేని కోరిక. ఆ కోరిక మీద కూడా ఆయనకు రోతే. తెర చూడకూడదు కాబట్టి చూడడు. గోడ మీద అద్దంలో భవ్య ముఖం మాత్రం చూస్తాడు, పైకా, కిందికా, ఆ పిల్ల కళ్లు ఎటు పోయాయో పట్టుకోవాలని.

ఆ పిల్ల కావాలనే కళ్లు మూసుకుని నవ్వుతుంది.

"ఛీ," అంటాడు రాజులు. "ఇంకొక పిందె తియ్."